నీటితొట్టిలో జెండా

2000వ సంవత్సరంలో సికింద్రాబాద్‌లోని ఒక ప్రభుత్వ పరిశోధన సంస్థలో, నాడీశాస్త్ర విభాగంలో సైంటిస్ట్-బి హోదాలో చేరాను. శాస్త్రవేత్తల శ్రేణిలో అది మొదటి మెట్టు. సొంత ప్రయోగశాల ఉండదు. విభాగాధిపతి అప్పగించిన పరిశోధక విద్యార్థుల పనిని పర్యవేక్షించాలి. నాకు అప్పగించిన విద్యార్థి నరేష్. బోయిగూడ వాడు. ఒక జన్యువును తొలగించిన చిట్టెలుకల జ్ఞాపకశక్తిని నాలుగేళ్లుగా పరీక్షిస్తున్నాడు.

పరీక్ష ఈతతో జరుగుతుంది. గుండ్రటి తొట్టిలో నీళ్లు పోసి, పాలపొడి కలిపి తెల్లగా చేస్తాం. నీటిమట్టానికి కాస్త కింద, కనిపించకుండా, చిన్న పీట ఉంటుంది. గోడలకు అంటించిన నల్లటి బొమ్మలను ఆనవాలుగా పెట్టుకుని ఎలుక దాని చోటు గుర్తుంచుకోవాలి. మామూలు ఎలుకలు కొద్దిరోజుల్లోనే తిన్నగా పీట ఎక్కేవి. జన్యువు లేనివి ఎన్నాళ్లయినా తొట్టి అంచు వెంట తిరుగుతూనే ఉండేవి. ఆ జన్యువు లేనిదే జ్ఞాపకం నిలవదని తేల్చి వ్యాసం సిద్ధం చేశారు. రచయితల్లో నా పేరూ చేర్చారు.

వ్యాసం పంపబోయే వారంలో, నరేష్ జన్యువు లేని ఎలుకలను వేరే పంజరంలోకి మారుస్తుండగా ఒక సంగతి గమనించాను. తోక పట్టి బల్లవైపు దించితే, చూపున్న ఎలుక బల్ల దగ్గరవుతుండగానే ముందుకాళ్లు చాస్తుంది. ఇవి మీసాలు బల్లకు తగిలేదాకా చాచలేదు.

విభాగ సమావేశంలో అడిగాను: ఈ ఎలుకలకు గోడమీది బొమ్మలు కనిపిస్తున్నాయనడానికి మన దగ్గర ఆధారం ఏముంది?

"కాలేజీలో డిబేట్లు చేసినదానివని విన్నానమ్మా. ఇక్కడ ఎదుటిపక్షం లేదు," అన్నారు విభాగాధిపతి.

లేదు గనుకనే ఆ పక్షాన కూడా మనమే వాదించాలన్నాను. చూపు పరీక్షించకుండా పంపేట్లయితే నా పేరు తీసేయమన్నాను.

నరేష్ వరండాలో నన్ను ఆపాడు. "జెర ఊకోండి మేడం. పేపర్ పోయినంక చూస్కుందాం. మా అన్న హైటెక్ సిటీల నౌకరీ షురూ జేసిండు. మా అమ్మ రోజూ అడుగుతది, నీ ఎలుకలు ఎప్పుడు పాసైతయి రా అని."

అతని భయం సమంజసమైనదే. వ్యాసం లేనిదే థీసిస్ లేదు. ఫెలోషిప్ గడువు ముగియవస్తోంది. రేపు మౌఖిక పరీక్షలో ఎవరైనా ఇదే ప్రశ్న వేస్తే ఏం చెప్తావని అడిగాను. "ఏం జెయ్యాల్నో చెప్పుండ్రి," అన్నాడు.

పీటను నీటిపైకి లేపి, దానికి చిన్న జెండా గుచ్చాం. ఈ పరీక్షకు జ్ఞాపకం అక్కర్లేదు, చూపు చాలు. మామూలు ఎలుకలు జెండావైపే ఈదాయి. తక్కినవి దాని పక్కనుంచే దాటిపోయాయి.

"గివి మర్చిపోలే మేడం. గివి గుడ్డియి," అన్నాడు నరేష్, తడిసిన ఎలుకను తువ్వాలుతో తుడుస్తూ.

డీఎన్ఏ పరీక్షలో కారణం దొరికింది. ఆ ఎలుకల మూలజాతిలోనే రెటీనాను క్షీణింపజేసే లోపం ఉంది. మేము తొలగించిన జన్యువుతో దానికి సంబంధం లేదు. పోలిక కోసం తెచ్చిన మామూలు ఎలుకలు వేరే జాతివి కావడంతో వాటిలో ఆ లోపం లేదు.

విభాగాధిపతి వ్యాసం ఆపేశారు. "ప్రశ్న నీది. ఇక ఆ అబ్బాయి బాధ్యతా నీదే," అన్నారు. నాకది శిక్షగా తోచలేదు. చూపున్న జాతితో సంకరం చేసి, రెండో తరంలో చూపు ఉండి జన్యువు మాత్రమే లేనివాటిని ఎంచుకోవాలి. పోలికకు చూపూ జన్యువూ ఉన్న వాటి తోబుట్టువులనే వాడాలి. ఆ పనిలో సగం నేను తీసుకున్నాను. ఫెలోషిప్ పొడిగింపు కోసం కమిటీ ముందు వాదించాను. నరేష్ మాత్రం ముందుజాగ్రత్తగా పొద్దున్నే అమీర్‌పేటలో జావా కోర్సుకు వెళ్లొచ్చేవాడు.

కొత్త ఎలుకలు తోబుట్టువులతో సమానంగా పీట చేరుకున్నాయి. ఆ రకం జ్ఞాపకానికి ఆ జన్యువు తప్పనిసరి కాదని ఒక చిన్న పత్రికలో వ్యాసం వేశాం. నరేష్‌కు డాక్టరేట్ వచ్చింది.

తరవాత నాకంటూ ఒక బృందం ఏర్పడ్డాక అందులో ఒక నియమం పెట్టాను. ఆక్షేపణ లేవదీసినవారే, ఆ పని చేస్తున్న విద్యార్థి పక్కన నిలబడి, దాన్ని తేల్చే ప్రయోగం పూర్తిచేయాలి. దానివల్ల ప్రశ్నలు తగ్గాయి. అది నష్టమేనని కొందరు వాదించారు. అందులో నిజం లేకపోలేదు. అయినా పదవీ విరమణ దాకా నియమం మార్చలేదు. ప్రశ్న సరైనదైనంత మాత్రాన దాని భారం మరొకరే మోయాలనడం న్యాయం కాదు.