డబ్బాలో దాచిన ఆఖరి కాగితం

మా చిన్నప్పుడు కోటబొమ్మాళిలో డిటెక్టివ్ నవలకి ఆఖరి కాగితం ఉండేది కాదు... నిజం! పుస్తకం ఇంటికి తెచ్చుకుని ఊపిరి బిగబట్టి చదువుకుంటూ పోతే, హంతకుడి పేరు బయటపడే చోట అట్ట తగిలేది.

ఆ కాగితాలన్నీ గవరయ్య మేష్టారి దగ్గర రేకు బిస్కెట్ డబ్బాలో ఉండేవి. ఊళ్లో షావుకార్లు చందాలేసుకుని నడిపే చిన్న లైబ్రరీకి ఆయనే సర్వాధికారి. ఎవరో చింపుకుపోతున్నారని మొదట్లో తీసి దాచాడట. తర్వాత రుచి మరిగాడు. ముగింపు కావాలంటే ఆయన బల్ల ముందు నిలబడి చదువుకోవాలి... అదీ "ముందు హంతకుడెవులో సెప్పు" అని ఆయన అడిగినదానికి జవాబు చెప్పాక. తప్పు చెప్తే, పేపర్లు చదువుకునే మగాళ్లందరికీ వినపడేలా వెక్కిరించేవాడు. వాళ్లకి అదే వినోదం.

మా బాబాయి భార్యకి, అంటే మా పిన్నికి, ఆ నవలలంటే ప్రాణం. పదో తరగతి ఫస్టు క్లాసులో పాసై మా కిరాణా కొట్టు ఇంటికి కోడలుగా వచ్చింది. చింతపండులో గింజలు తీస్తూ, ఒళ్లో పుస్తకం పెట్టుకుని చదివేది. ఆవిడకి పుస్తకాలు తెచ్చేదాన్ని నేనే. ముగింపు కోసం వెళ్తే మాత్రం మేష్టారు నన్ను తరిమేసేవాడు.

"సదివినోలే రావాల. మీ పిన్నిని రమ్మని సెప్పే గుంటా!"

రావడమా... మా మామ్మ ఇంట్లో ఉండగా? "ఇంటి కోడలు బజార్లో నిలబడి కాగితాలు సదువుతాదేటి? సిగ్గు నేదూ?" అని ఒక్క కసురు కసిరేది. అందుకని పిన్ని చదివిన ఏ కథకీ ఆవిడకి ముగింపు తెలియదు. "ఎవులై ఉంటారే?" అని పప్పు రుబ్బుతూ నాతోనే వాదించేది.

ఒక నవల మాత్రం ఆవిణ్ణి కుదురుగా ఉండనివ్వలేదు. అందులో జమీందారుని మేడమీద గదిలో ఎవరో చంపేస్తారు. అందరి అనుమానం డాక్టరు మీద. పిన్ని అనుమానం మాత్రం ఆ ఇంట్లో మడి కట్టుకునే ముసలి పెద్దమ్మ మీద.

"సూడే... ఆరోజు ఏకాదశని మొదట్లోనే రాసేడు. హత్య జరిగినప్పుడు వంటింట్లో అన్నం తింటన్నానని ఆవిడ పోలీసోలికి సెప్పింది. అంత ఆచారం ఉన్న మనిషి ఏకాదశినాడు అన్నం ముడతాదేటి? అబద్దం ఆడతన్నాది!"

అంత సంతోషం ఆవిడ మొహంలో మరెప్పుడూ చూడలేదు. తను కనిపెట్టింది నిజమో కాదో తెలుసుకోకపోతే ముద్ద దిగేలా లేదు. మామ్మ చుట్టాల పెళ్లికని పాతపట్నం వెళ్లిన రోజు, పిన్ని నిండా కొంగు కప్పుకుని నా చెయ్యి పట్టుకుని లైబ్రరీకి బయల్దేరింది.

మేష్టారు డబ్బా మూత తీసి కాగితం పైకి తీశాడు. "ఊఁ, సెప్పమ్మా... ఎవులు?"

పిన్ని తల వంచుకునే, ఏకాదశి సంగతి కూడా విడమరిచి చెప్పింది. పేపర్లు దించి అందరూ వింటున్నారు. మేష్టారు కాగితం వైపు చూశాడు. మళ్లీ చూశాడు. తర్వాత దాన్ని మడిచి డబ్బాలో పడేశాడు.

"తప్పు! డాక్టరే సంపీసినాడు. ఏకాదశంట, అన్నమంట! పొయ్యికాడ బుర్రతో డిటెక్టివు నవల్లు సదివితే ఇలాగే ఉంటాది."

గదంతా గొల్లున నవ్వింది.

"ఒక్కసారి ఆ కాగితం ఇయ్యండి మేష్టారూ... సదువుకుని ఎలిపోతాను" అంది పిన్ని.

"తెలిసిపోనాది కదా, ఇంకేటి సదువుతావు? ఎల్లు, ఎల్లు!"

సాయంత్రానికల్లా ఈ సంగతి మా కొట్టుకి చేరిపోయింది. మామ్మ తిట్లు సరే, అవి రోజూ ఉండేవే. బాబాయి పెట్టిన పేరు మాత్రం పిన్నికి అంటుకుపోయింది... ఏకాదశి! కూరలో ఉప్పు ఎక్కువైతే చాలు, "ఏకాదశీ, ఎవులేసినారే ఇంత ఉప్పు? డాక్టరేనా?" అనేవాడు. కొట్లో గుమాస్తాలు కూడా నవ్వేవారు. పిన్ని మళ్లీ పుస్తకం ముట్టలేదు. నేను తెచ్చినా "నాకు బుర్ర నేదులేవే" అని పక్కకి నెట్టేసేది.

మొన్న ఎచ్చెర్ల వైపు ఒక సభకి వెళ్లాను. లైబ్రేరియన్లు కొందరు కలిసి, మంచి నేరపరిశోధన నవలకి బహుమతి ఇస్తున్నారు. దాంతోపాటు, ఇలాంటి నవలలు జనానికి అలవాటు చేసిన పాతకాలపు లైబ్రేరియన్‌కి సన్మానమట. వేదిక మీద చూద్దును కదా... గవరయ్య మేష్టారు! శాలువా, దండ, జ్ఞాపిక. మైకు పట్టుకుని తన డబ్బా గొప్పలన్నీ చెప్పాడు. "ఒకావిడొచ్చి ఏకాదశి అంది" అని పిన్ని గొంతు అనుకరించి మరీ చెప్పాడు. సభంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ఆ శాలువా పట్టుకుని లాగిపారెయ్యాలనిపించింది నాకు.

వచ్చినవాళ్లకి పాత నవలల కొత్త అచ్చులు పంచారు. నాకిచ్చిన సంచిలో ఆ జమీందారు నవల ఉంది. బస్సెక్కగానే ముందు ఆఖరి కాగితమే తెరిచాను.

పెద్దమ్మే చంపింది. ఏకాదశినాడు అన్నం తిన్నానని చెప్పి దొరికిపోయింది.

అచ్చం పిన్ని చెప్పినట్టే... నిజం చేతిలో పట్టుకుని, కళ్లారా చదువుకుని, ఆ పెద్దమనిషి పదిమందిలో అబద్ధమాడాడు. వంటింట్లో మనిషి కనిపెట్టేసిందని ఒప్పుకోవడానికి మనసు రాలేదు!

తిన్నగా పిన్ని దగ్గరికే వెళ్లాను. ఇప్పుడు ఆవిడకి అక్షరాలు ఆనవు. పక్కన కూర్చుని చదివి వినిపించాను. అంతా విని, నా వైపు తిరిగింది.

"ఆ కాగితం సూసే సెప్పేడు కదే?"

"సూసే సెప్పేడు పిన్నీ."

"నాకు బుర్ర నేదనే అనుకున్నానే... ఇన్నేళ్లూ."

బాబాయికి చెప్తే పడీపడీ నవ్వాడు. "అయితే మంచి పేరే ఎట్టేను కదేటి! ఒసే ఏకాదశీ... టీ ఎట్టు!"

పిన్ని మోకాళ్ల మీద చేతులు ఆన్చుకుని లేచింది.

ఇప్పుడు ఆ లైబ్రరీ లేదు, అక్కడ సెల్‌ఫోన్ల కొట్టు ఉంది. హంతకుడెవరో ఎవరికైనా ఫోన్లో దొరికిపోతాడు... ఎవరి ముందూ నిలబడక్కర్లేదు. మీ ఇళ్లలో కూడా ఆఖరి కాగితం చేతికందని ఆడవాళ్లు ఉండే ఉంటారు. ఉంటే, కింద వాళ్ల పేరు రాయండి. ఇంట్లోవాళ్లు తగిలించింది కాదు, అసలు పేరు.

మా పిన్ని పేరు వరలక్ష్మి.