సలోమి మామగారిని టీకి తీసుకెళ్ళిన సంగతి

సికింద్రాబాదులో ఏ హోటల్లో చాయ్ చిక్కగా ఉంటుందో, ఎక్కడ గోడ పొడుగునా అద్దాలుంటాయో, ఎక్కడ గల్లాపెట్టె దగ్గర ఇరానీ సేటు పిల్లిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడో సలోమికి బాగా తెలుసు. అయితే వాటిలో ఒక్క హోటలు గడప కూడా ఆమె తొక్కింది లేదు. అన్నీ మొగుడు చెప్పగా విన్నవే.

బాపట్ల దగ్గర ఊరి నుంచి పదహారేళ్ళప్పుడు పెళ్ళయి లాలాగూడ రైల్వే క్వార్టర్సుకి వచ్చింది సలోమి. చదివింది నాలుగో తరగతి. బైబిలు కూడబలుక్కుని చదువుతుంది, కీర్తనలు మాత్రం పుస్తకం చూడకుండా పాడేస్తుంది. అత్తగారు అప్పటికే లేదు. ఇంట్లో ఉన్నది ముగ్గురు. మామ జకర్యాది రైల్వే వర్క్‌షాపులో కమ్మరి కొలిమి దగ్గర పని. మొగుడు లూకా అక్కడే ఫిట్టరు. శనివారం మధ్యాహ్నం సైరను మోగిందంటే తండ్రీకొడుకులకు పండగే. చేతులు కడుక్కుని, చొక్కాలు మార్చుకుని, ఇద్దరూ కలిసి ఏదో ఒక టీ హోటలుకి బయల్దేరేవాళ్ళు. ఈ వారం స్టేషను పక్కన, వచ్చే వారం మార్కెట్టు దగ్గర. తిరిగొచ్చాక లూకా వంటింటి గుమ్మంలో గొంతుక్కూర్చుని ఆ సంగతులన్నీ సలోమికి చెప్పేవాడు. బిస్కెట్టు టీలో ముంచితే విరిగి లోపల పడిందనీ, నాన్న దాన్ని చెంచాతో వెతికి తీశాడనీ చెప్పి నవ్వేవాడు. ఆమె గరిట తిప్పుకుంటూ వినేది. అంతకంటే ఆమె ఏమీ కోరుకోలేదు.

నలభై ఎనిమిది వేసవిలో లూకాకి టైఫాయిడ్ వచ్చింది. అవి రజాకార్ల రోజులు. బయటి నుంచి సరుకు రావడం లేదు, మందులు దొరకడం లేదు. జకర్యా ఊరంతా తిరిగి దొరికిన మందేదో తెచ్చేవాడు. గంజి చెంచా నోటికి పెట్టే ముందు, మందు వేసే ముందు, కొడుకు నుదుటి మీద చెయ్యి వేసి పైకి ప్రార్థన చేసేవాడు. కొలిమి దగ్గర పనిచేసే మనిషి గొంతు, వీధి చివరికి వినపడేది. వానలు పడే ముందు లూకా పోయాడు.

ఆ తర్వాత జకర్యా నోటి వెంట ప్రార్థన రాలేదు.

ఆదివారం చర్చికి వెళ్ళడం మానలేదు. తెల్లచొక్కా వేసుకుని వెళ్ళి వెనక బల్ల మీద కూర్చునేవాడు, అంతే. ఇబ్బంది అంతా ఇంట్లోనే వచ్చింది. ఆ ఇంట్లో ఏది నోట్లో పెట్టుకోవాలన్నా, అన్నం గానీ టీ గానీ, ముందు ఇంటి పెద్ద ప్రార్థన చెయ్యాలి. పుట్టిన దగ్గర్నుంచి అదే అలవాటు. ఇప్పుడాయన ప్రార్థన చెయ్యడు. చెయ్యకుండా తినడానికి చెయ్యి రాదు. కంచం ముందు పెడితే కాసేపు చూసి, "తర్వాత తింటాలే" అని లేచిపోయేవాడు. సలోమి పెరట్లోకి వెళ్ళినప్పుడు దొంగతనంగా తిన్నట్టు రెండు ముద్దలు తినేవాడు. మిగిలినదంతా కంచంలోనే ఉండేది. చూస్తూ చూస్తూ మనిషి సగమైపోయాడు. కాలర్లోంచి మెడ వెదురుబొంగులా కనపడసాగింది.

సలోమి ప్రార్థన చెయ్యొచ్చు కదా అంటే, స్త్రీల కూటంలో చేస్తుంది, బాగానే చేస్తుంది. కానీ మామగారి ముందు కోడలు నోరెత్తి ప్రార్థన చేసిందంటే, ఇంటికి ఇక మీరు పెద్ద కారు అని ఆయన మొహాన చెప్పినట్టే. ఆ మాట ఆయనకి చెప్పడం ఆమె వల్ల కాలేదు. పాస్టరు ప్రభుదాసు గారు రెండుసార్లు వచ్చి చూశారు. ఆయన కళ్ళు మూసుకున్నారో లేదో, జకర్యా లేచి బావి దగ్గర బాల్చీ సర్దడానికి వెళ్ళిపోయాడు.

సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ వచ్చింది. నాలుగైదు రోజులు తలుపులు బిగించుకుని కూర్చున్నారు. తర్వాత రోడ్ల మీద మిలిటరీ లారీలు, మూసిన దుకాణాలు ఒక్కొక్కటిగా తెరవడాలు. ఊరికి ఊపిరి వచ్చింది. జకర్యాకి మాత్రం ఏమీ తేడా తెలియలేదు.

పక్కింటి శ్యామలమ్మ మొగుడు బిక్షంది కూడా కొలిమి దగ్గరే పని. ఒకరోజు ఆమె గోడ మీద మోచేతులు ఆనించి, జకర్యా అన్నం డబ్బా మూత తియ్యకుండానే ఇంటికి తెస్తున్నాడనీ, మొన్న సుత్తి ఎత్తుతూ తూలాడనీ చెప్పింది. అది విని సలోమి చేతిలో చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఇంకొక నెల ఇలాగే సాగితే ఈ ఇంట్లోంచి రెండో శవపెట్టె లేస్తుందని ఆమెకి అర్థమైంది.

"గట్ల నిలవడితె ఏమైతది?" అంది శ్యామలమ్మ. "జెర బయటికి తోల్కపో ఆయన్ని. ఇంట్ల కూసుంటె కొడుకే యాదికొస్తడు. ఇంతకుముందు చాయ్ తాగనీకి పోతుండె గద, నువ్వు సుత పో."

"ఆడదాన్ని, హోటలుకా?"

"ఏందీ, హోటలోళ్ళు నిన్ను చాయ్‌ల ముంచుకొని తింటరా?"

ఆ శుక్రవారం సలోమి మామ బూట్లు తుడిచి గుమ్మం దగ్గర పెట్టి, రేపు నన్ను టీ హోటలుకి తీసుకెళ్ళండి మామయ్యా, అని అడిగింది. ఆయన ఆమె మొహం చూశాడు. ఆడవాళ్ళు అలాంటి చోట్లకి వెళ్ళరన్నాడు. తెర కట్టిన ఫ్యామిలీ రూములుంటాయట కదా అంది. అవి కుటుంబాలకి అన్నాడు. మరి మనమేమిటి అంది. 

మర్నాడు స్టేషను పక్క హోటలుకి వెళ్ళారు. సలోమి గడప దాటుతుంటే లోపలి మగవాళ్ళంతా కప్పులు దించి చూసినట్టే అనిపించింది. సర్వరు అడక్కుండానే జకర్యా "కోడలు" అని గట్టిగా చెప్పాడు. హాలంతా వినపడేలా చెప్పాడు. సర్వరు వాళ్ళని మూలనున్న గదిలో కూర్చోబెట్టి తెర లాగాడు. పాలరాతి బల్ల, రెండు కుర్చీలు, గోడకి ఒక అద్దం. రెండు చాయ్‌లు, ఒక పళ్ళెంలో బిస్కెట్లు వచ్చాయి.

ఇద్దరూ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

ఆవిరి తగ్గింది. చాయ్ మీద మీగడ కట్టింది. జకర్యా పెదవులు ఒకసారి కదిలాయి గానీ మాట రాలేదు. సలోమి కప్పు ముట్టుకోలేదు. పెద్దాయన తాగకుండా ఆమె ఎలా తాగుతుంది? సర్వరు తెర తొలగించి చూసి, ఈగ పడిందేమోననుకుని, ఆ చాయ్‌లు తీసేసి వేరేవి తెచ్చాడు. అవీ చల్లారాయి. చివరికి జకర్యా లేచి, డబ్బులిచ్చి, తలవంచుకుని బయటికి నడిచాడు.

సగం దారి వచ్చాక, "చాయ్ బాగానే ఉంది" అన్నాడు.

చుక్క గొంతులో పడలేదు, బాగుందట. సలోమి నవ్వు ఆపుకుంది. అయినా మనిషి తనంతట తానుగా ఒక మాటన్నాడు. అది చాలనుకుంది.

తర్వాతి శనివారం మార్కెట్టు దగ్గరి హోటలు, పిల్లి ఉన్న హోటలు. అక్కడా అదే తంతు. ఈసారి మాత్రం ఇరానీ సేటు స్వయంగా తెర దగ్గరికి వచ్చాడు. నా పాలు రోజూ తెల్లారేసరికి అల్వాల్ నుంచి వస్తాయి, నా చాయ్ తాగని మనిషిని ఇంతవరకు చూడలేదు, ఏమిటి తక్లీఫ్ అని హిందుస్తానీలో నిలదీశాడు. జకర్యా రెండు చేతులూ జోడించి, చాయ్‌లో ఏమీ లేదు సేట్, లోపం నాలోనే ఉంది అన్నాడు. సేటు ఆయన్ని కాసేపు చూశాడు. ఏమనుకున్నాడో ఏమో, పైసలు తీసుకోలేదు. అది జకర్యాకి ఇంకా సిగ్గనిపించింది. ఇంటికొచ్చాక, ఇక హోటళ్ళు చాలు సలోమీ అన్నాడు.

ఆ రాత్రి ఆయన అసలు తినలేదు.

సలోమి ఆదివారమంతా బాధపడింది, సోమవారం శ్యామలమ్మ మీద కోపం తెచ్చుకుంది, మంగళవారానికి ఒక ఆలోచన చేసింది. దొరలు, దొరసానులు సాయంత్రం టీ తాగే పెద్ద హోటలు ఒకటుంది. తండ్రీకొడుకులు ఎప్పుడూ దాని ముందునుంచి నడిచిపోవడమే గానీ లోపలికి వెళ్ళలేదు. లూకా కూర్చున్న కుర్చీ అక్కడ ఉండదు. కొడుకు జ్ఞాపకం లేని చోట ఆయన గొంతు పెగులుతుందేమో.

అడిగితే ఆయన ఒప్పుకోడు. అందుకని అడగలేదు. పెట్టెలోంచి ఆయన పెళ్ళినాటి కోటు తీసి, ఎండలో వేసి, శనివారం సైరను మోగేసరికి మంచం మీద పరిచి పెట్టింది. తను క్రిస్మస్ చీర కట్టుకుని కూర్చుంది. ఆయన కోటు చూశాడు, ఆమెని చూశాడు. కోటు తొడుక్కున్నాడు. భుజాలు ఖాళీగా వేలాడాయి.

దొరలు చాలామంది వెళ్ళిపోవడంతో ఆ హోటలు వరండాలో బల్లలన్నీ ఖాళీగా ఉన్నాయి. ఒక మూల ఇద్దరు మిలిటరీ ఆఫీసర్లు పేపరు చదువుకుంటున్నారు. ఇక్కడ తెరలు లేవు. తలపాగా బేరరు వీళ్ళని చూసి క్షణం తటపటాయించాడు గానీ కుర్చీ లాగాడు. కాసేపటికి పెద్ద పళ్ళెం తెచ్చి బల్ల మీద సర్దాడు. ఖాళీ కప్పులు, వేరుగా పాలు, వేరుగా చక్కెర, అంచులు కోసేసిన పలచటి రొట్టె ముక్కలు. మధ్యలో ఒక కెటిల్, దానికి ఉన్నితో అల్లిన టోపీ.

చంటిపిల్లకి పెట్టినట్టు కెటిల్‌కి టోపీ ఏమిటో సలోమికి అర్థం కాలేదు. బేరరు వచ్చి పోస్తాడని వీళ్ళు చూశారు. వీళ్ళే పోసుకుంటారని బేరరు దూరంగా నిలబడ్డాడు. మళ్ళీ చేతులు ఒళ్ళోకి వెళ్ళాయి. వరండా మీద ఎండ మెల్లగా జరిగింది. ఇదీ చల్లారిపోయిందనుకుని సలోమి టోపీ కింద వేలు పెట్టి చూసింది.

కాలింది. ఆ టోపీ వల్ల ఇంకా వేడిగానే ఉంది.

ఆమెకి ఎందుకో ధైర్యం వచ్చింది. ఈ టీ వీళ్ళని తొందరపెట్టడం లేదు.

"మామయ్యా," అంది, "నేను ప్రార్థన చెయ్యనా?"

జకర్యా తల ఎత్తలేదు. ఆయన కోప్పడతాడేమో, లేచిపోతాడేమోనని ఆమె భయపడింది. ఆయన, "ఈ నోటితోనే అడిగాను సలోమీ," అన్నాడు. "పూట పూటకీ అడిగాను. ఊరంతా విన్నది. వినాల్సినవాడు వినలేదు. ఇప్పుడు అదే నోటితో అన్నానికి స్తోత్రం ఎలా చెప్పను?"

"మీరొక్కరే అడిగారా? నేను లోపల అడిగాను. మీ అంత గట్టిగా కాదు."

"నీకు కోపం రాలేదా?"

"వచ్చింది. ఇంకా ఉంది. కోపమున్నా అన్నం తినాలి కదా మామయ్యా. కొలిమి దగ్గర మీరు తూలుతున్నారట. మీరు కూడా పోతే, నేనెవరికి వండాలి?"

ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి. కోటు చేతితో ముక్కు తుడుచుకున్నాడు. తర్వాత రెండు అరచేతులూ బల్ల మీద పెట్టి, కళ్ళు మూసుకున్నాడు.

సలోమి కొంగు తలమీదికి లాక్కుంది. స్త్రీల కూటంలో వచ్చే మంచి మాటలేవీ గుర్తు రాలేదు. "తండ్రీ, ఈ టీకి, రొట్టెకి నీకు స్తోత్రం," అంది. "మా మీద నీకు కోపమేమిటో మాకు తెలీదు. నీ మీద మాకున్నది నీకు తెలుసు. మా మామయ్యకి ఆకలి ఇయ్యి. లూకాని..." అని ఆగిపోయింది. పెళ్ళయిన పన్నెండేళ్ళలో మొగుడి పేరు పెద్దల ముందు ఆమె నోటి వెంట రాలేదు. "లూకాని మంచిగా చూసుకో. ఆమెన్."

"ఆమెన్," అన్నాడు జకర్యా. పేపరు చదువుతున్న ఆఫీసర్లిద్దరూ తలలెత్తి చూశారు. కొలిమి గొంతు అది.

టోపీ తీసి ఆయనే టీ పోశాడు. పాలు పోశాడు, చక్కెర వేశాడు, సాసరులోకి వంచుకుని ఊది తాగాడు. రెండో కప్పు తాగాడు. రొట్టె ముక్క ఒకటి నోట్లో వేసుకుని, మధ్యలో ఏముందో విప్పి చూసి, "దోసకాయ" అన్నాడు. ఇంకొకటి తిన్నాడు. పళ్ళెం ఖాళీ అయ్యాక దానివైపు చూస్తూ, "ఇంత పలచగా కోస్తే దొరలు బతికేవాళ్ళెలా?" అన్నాడు. సలోమికి నవ్వొచ్చింది. నవ్వితే కన్నీళ్ళొచ్చాయి. బేరరు అడక్కుండానే ఇంకో పళ్ళెం తెచ్చాడు.

ఆ రోజు నుంచి ఇంట్లో భోజనానికి సలోమే ప్రార్థన చేస్తూ వచ్చింది. క్వార్టర్సులో ఒకరిద్దరు, ఆ ఇంట్లో కోడలే పెద్ద అయిందట అని మూతులు విరిచారు. జకర్యా చెవినపడితే, అయింది, మీకేమన్నా నష్టమా అని అడిగాడట. ఆయన ఎప్పటికైనా తనంతట తాను నోరు తెరుస్తాడా అనేది సలోమి అడగలేదు. కంచం ఖాళీ అవుతోంది. చొక్కా కాలరు మెల్లమెల్లగా మెడకి అందుతోంది.

తర్వాతి శనివారం ఆమె ఇంకా గిన్నెలు తోముతుండగానే ఆయన బూట్లు వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. మార్కెట్టు దగ్గరి సేటుకి మొహం చూపించాలట. ఆ చాయ్ రుచేమిటో తెలుసుకోకుండా ఉండడం మర్యాద కాదట. సలోమి చేతులు తుడుచుకుని, కొంగు సర్దుకుని బయటికొచ్చింది.

గేటు దగ్గర ఆయన ఆగి, వెనక్కి తిరిగాడు.

"అక్కడ కెటిల్‌కి టోపీ ఉండదు," అన్నాడు. "కాస్త చిన్న ప్రార్థన చెయ్యి."