సర్వరుకు ఆయుధపూజ

నవ్వనంటేనే చెప్తా. ముందు టీ చెప్పండి, ఆ మీద నా పరువు ఎట్ల పోయిందో వినండి. మొన్న దసరాకు మడకశిరలో ఒక సర్వరు ముందర కూర్చోని, లేని రోగానికి పొద్దున్నుంచి వైద్యం చేసినా. ఇంజనీరును కదా!

సంగతేమంటే, ఆడ ఒక ప్రైవేటు కాలేజీలో కొత్తగా కంప్యూటర్ ల్యాబు పెట్టినారు. కరెస్పాండెంటు పేరు నాగరాజప్ప. కింద కాలేజీ, మీద మేడపైన ఆయన ఇల్లు. విజయదశమి నాడు సాయంత్రం ఊరి పెద్దలందర్నీ పిలిచి ఓపెనింగు పెట్టుకున్నాడు. అనంతపురంలో మా ఓనరు ఖాజా సార్ నన్ను పిలిచి, "భాస్కరా, ఈసారి నువ్వొక్కనివే పో. ఓపెనింగు టయానికి సర్వరు నడస్తే నిన్ను పర్మనెంటు చేస్తా. లేదంటే మళ్లా ప్రింటర్లకు ఇంకు నింపుకుంటా కూచో" అన్నాడు. ఆ ఇంకు సంగతి నాకు తెలీదా? నా చొక్కాలన్నీ దాని పాలే.

పండగ ముందురోజు పోయి సర్వరు పెట్టె విప్పినా. ఎంత బరువుండాదనుకున్నారు! నలుగురం పట్టి బల్ల మీదికి ఎక్కించినాం. హార్డ్ డిస్కులు వేరే డబ్బాల్లో వచ్చినాయి. వాటిని ముందరి అరల్లో తోస్తాంటే నాగరాజప్ప పక్కనే నిలబడి, "అవేందప్పా, చిన్న చిన్న డ్రాయర్ల మాదిరి?" అని అడిగినాడు. అడగడమే ఆలస్యం, నాకు ఎక్కడలేని హుషారొచ్చింది.

"సార్, ఈ సర్వరు ప్రాణమంతా వీటిలోనే ఉండాది. మిగతాదంతా ఉత్త ఇనుము. ఈ పిడి పట్టి లాగితే బయటికొస్తాయి, తోస్తే లోపలికి పోతాయి. చూడండి!"

లాగి చూపించినా. ఆయనా లాగినాడు. చిన్నపిల్లోని మాదిరి మురిసిపోయి మళ్లా తోసినాడు. నేనూ మురిసిపోయి లాడ్జికి పోయి పడుకున్నా.

మరుసటి రోజు పొద్దున పోయి చూస్తే నా సర్వరు పెండ్లికొడుకై కూచోనుండాది! మీద శాలువా, పక్కన విభూతి పట్టెలు, కుంకుమ బొట్లు, కింద నిమ్మకాయలు. ముందరి భాగం కనపడకుండా తొడంత లావు బంతిపూల దండ. నయమేమంటే సీడీ పెట్టే చోటు, ఫ్లాపీ పెట్టే చోటు, స్విచ్చి దండకు పైన ఉండాయి. దండ తీయబోతే నాగరాజప్ప గబగబా వచ్చినాడు.

"ఏమప్పా, పూజ చేసిన దండ! పెద్దలొచ్చి చూసేదాకా ముట్టుకోవద్దు."

సరే, దండతో నాకేం పని? సీడీ వేసినా, ఇన్‌స్టాలేషన్ మొదలుపెట్టినా. నీలం స్క్రీన్ మీద ఏవేవో ఫైళ్లు ఎక్కినాయి. కాళ్లు చాపుకున్నానో లేదో, మెసేజ్ వచ్చింది. ఈ కంప్యూటర్‌లో హార్డ్ డిస్కులే లేవంట! F3 నొక్కి బయటికి పొమ్మంటాండాది.

లేవా? నిన్న నా చేత్తో పెట్టినా కదా! ఇది డ్రైవర్ గొడవే అనుకున్నా. మీకు తెలుసు కదా, కొత్త సర్వర్లకు మొదట్లోనే F6 నొక్కి, డిస్కుల్ని గుర్తుపట్టే డ్రైవర్‌ను ఫ్లాపీలో ఇయ్యాల. డ్రైవర్ సీడీలో ఉండాది, నా దగ్గర ఫ్లాపీ లేదు. పండగ పూట ఎవడిస్తాడు? బస్టాండు దగ్గర డీటీపీ సెంటరాయన్ని ఇంట్లో నుంచి లేపుకొచ్చినా. షాపు తెరిచి చూస్తే కంప్యూటరు, జిరాక్స్ మిషను, కత్తెర, స్టాప్లర్ అన్నిటికీ బొట్లు.

"పూజలో పెట్టినవి ఈ పొద్దు ముట్టుకోకూడదన్నా," అన్నాడాయన.

"అన్నా, నా ఉద్యోగం అన్నా!" అని గడ్డం పట్టుకున్నా. ఆయన దేవునికి దండం పెట్టి, చెంపలేసుకొని, కంప్యూటర్ ఆన్ చేసినాడు. ఫ్లాపీలోకి డ్రైవర్ ఎక్కించుకొని పరుగో పరుగు.

F6 నొక్కినా. ఫ్లాపీ కరకరమనింది. డ్రైవర్ తీసుకుంది. అమ్మయ్య అనుకునేలోపల మళ్లా అదే మాట, హార్డ్ డిస్కులు లేవు. కేబుళ్లన్నీ ఊడబీకి మళ్లా పెట్టినా. లేవు. సెట్టింగుల్లో పోయి కనపడినదల్లా మార్చినా. లేవు. మార్చినవేవో గుర్తులేక అన్నీ మొదటికి తెచ్చినా. లేవు గాక లేవు!

సెల్లుకు సిగ్నలు కావాలంటే మేడ మీదికే పోవాల. నాగరాజప్ప ఇంటి నడవలో నుంచి, పూజగది వాకిలి ముందర నుంచి నడిచి పోయి ఖాజా సార్‌కు ఫోన్ చేసినా.

"డిస్కుల లైట్లు పచ్చగా వెలుగుతాండాయా?" అన్నాడు సార్.

లైట్లు దండ వెనక ఉండాయి. చూడలేదంటే తిడతాడు. "వెలుగుతాండాయి సార్!" అన్నా.

"అట్లయితే డ్రైవర్ వేరేది తీసుకో."

దిగినా, వేరేది వేసినా, ఎక్కినా, ఫోన్ చేసినా. మళ్లా దిగినా. మధ్యాహ్నానికి కింద షామియానా లేచింది, కుర్చీలు దిగినాయి. నాగరాజప్ప వచ్చి, "అయిందా అప్పా?" అని అడగడం, నేను "అయితాండాది సార్" అనడం. నాదస్వరం వాళ్లు వచ్చి శ్రుతి చూసుకుంటాంటే కండ్ల ముందర ఇంకు సీసాలు కనపడినాయి.

ఇంక మనవల్ల కాదని చెప్పులిడిచి పూజగదిలోకి పోయినా. ఎదురుగా మా ఇంటి దేవుడు, కదిరి నరసింహస్వామి పటం. కండ్లు గట్టిగా మూసుకున్నా. "సామీ, ఆ హార్డ్ డిస్కులు కనపడేటట్లు చెయ్యి. కదిరికొచ్చి గుండు చేయించుకుంటా."

కండ్లు తెరిచినా.

పటం కింద పీట. పీట మీద కత్తి, కొడవలి, స్కూటర్ తాళాలు. వాటి పక్కన ఒద్దికగా, ఒక్కోదానికి మూడు బొట్లు పెట్టుకొని, నా హార్డ్ డిస్కులు!

నా కేక విని నాగరాజప్ప భార్య లక్ష్మమ్మ వంటింట్లో నుంచి వచ్చింది.

"అక్కా, ఇవి ఈడికెట్లొచ్చినాయి?"

"ఆయుధపూజ కదప్పా! నీ మిషను పీట మీద పెడదామంటే మేమిద్దరం పట్టినా కదల్లేదు. మూలవిరాట్టు లేవదని ఉత్సవమూర్తుల్ని తెచ్చినాం."

వెనకనే వచ్చిన నాగరాజప్ప, "నువ్వే కదప్పా ప్రాణమంతా వీటిలోనే ఉండాదంటివి!" అన్నాడు. "పెద్దలొచ్చినాక మేళంతో దించుదామనుకుంటిమి."

"నాకు ఒక్క మాట చెప్పకూడదా సార్?"

"పొద్దున్నుంచి నువ్వేదో చేస్తానే ఉంటివి. వీటితో పని లేదేమో అనుకుంటిమి."

చెయ్యి చాపి ఎత్తుకోబోతే లక్ష్మమ్మ పట్టుకుంది. "స్వల్ప తాళప్పా, కొంచెం ఆగు. ఉద్వాసన చెప్పకుండా ఎట్ల తీస్తావు?" కర్పూరం వెతికి, హారతిచ్చి, నీళ్లు చల్లబోతే మాత్రం నేను అడ్డం పడుకున్నంత పని చేసినా. అక్షింతలతో సరిపెట్టింది. ఒక్కొక్కటి కండ్లకద్దుకొని తీసుకున్నా. భక్తి కాదప్పా, నిజంగానే ఏడుపొచ్చింది.

దండ పక్కకు జరిపి తోసినా. టక్కు టక్కుమని కూచున్నాయి, పచ్చ లైట్లు వెలిగినాయి. ఈసారి మారు మాట్లాడకుండా ఎక్కింది. అయినా టయం పట్టింది కదా, నాగరాజప్ప పాపం నాకోసం ప్రతి పెద్దమనిషికీ మైకు ఇచ్చి మాట్లాడించినాడు. ఆఖరాయన కాలేజీ గురించి అయిపోయి వేరుశెనక్కాయల గురించి చెప్తాంటే సర్వరు లేచింది. చప్పట్లు!

రాత్రి ఖాజా సార్ ఫోన్ చేసి, "ఇంతకీ ఏం ప్రాబ్లమప్పా?" అన్నాడు.

"లూజ్ కనెక్షన్ సార్."

"ఎంత లూజు?"

ఒక అంతస్తు లూజు సార్ అని నోటిదాకా వచ్చింది, మింగేసినా. పర్మనెంటు చేసినాడు, అది నిజం. కానీ మొక్కు మొక్కే కదా. ఇంత తొందరగా పని చేసి పెట్టిన దేవునికి బాకీ పడితే ఎట్ల? నిన్న కదిరికి పోయొచ్చినా. రెండు వేళ్లతో దండ జరిపింటే తీరే పనికి నెత్తి మొత్తం ఇచ్చొచ్చిన ఇంజనీరు యాడన్నా ఉంటే చూపీండి.

ఇదో, టోపీ తీస్తాండా. పర్మనెంటు ఉద్యోగం, టెంపరరీ గుండు. ఇంక నవ్వండి.