శ్రీకూర్మం టిక్కెట్టు వెనక అంకె

మా బావకి ఈ ఏడాదిలో మూడు ఉత్తరాలు రాశాను. రెండు పోస్టులో పంపాను, ఒకటి ఫోన్లో. ఫోన్లో పంపినదాని కింద రెండు గీతలూ నీలంగా మారాయి కాబట్టి చదివాడనే అనుకోవాలి. పోస్టులో వేసినవి అందలేదు అనుకోవడానికి నెల్లిమర్లకీ విజయనగరానికీ మధ్య సముద్రమేమీ లేదు. ఒకసారి ఇంటికే వెళ్లాను. పడుకున్నారని చెప్పారు. లోపలి గదిలోంచి శ్రుతిపెట్టె మోత వినిపిస్తూనే ఉంది. గుమ్మం దగ్గరే మజ్జిగ ఇచ్చారు. తాగకుండా వచ్చేశాను. అందుకని ఇప్పుడు పదిమందీ చదివేచోట రాస్తున్నాను.

బావ అంటే మా మేనమామ కొడుకు. నాకన్నా మూడేళ్లు పెద్ద. అతను పాడతాడు, నేను వయొలిన్ వాయిస్తాను. ముప్పై ఏళ్లకి పైగా అతని పక్కన, జానెడు వెనక్కి కూర్చుని వాయించాను. ఆ జానెడు కొలిచి నా చాప వెనక్కి జరిపించింది అతనే. అదిప్పుడు అడగడం లేదు. నేను అడిగేది ఒక్కటే.

మా ఇద్దరికీ ఒక కట్టుబాటు ఉండేది. కచేరీ అయ్యాక దాని గురించి ఒక్క మాట మాట్లాడుకోకూడదు. తిరుగు బస్సెక్కి టిక్కెట్లు తీసుకున్నాక, ఎవరి టిక్కెట్టు వెనక వాళ్లు, ఆ రోజు తమ పనికి వందకి ఎన్ని మార్కులో రాసుకుని, ఒకరిది ఒకరికి చూపించాలి. ఎదుటివాడికి మార్కు వెయ్యకూడదు. చూసినవాడు వాదించకూడదు. రాసింది కొట్టివెయ్యకూడదు. ఇది పెట్టింది కూడా అతనే. మన పని ఎలా ఉందో మనకి నిజంగా తెలిసేది ఆ కాసేపేనని చెప్పేవాడు. మర్నాటికల్లా ఎవరో ఒకరు పొగుడుతారు, వారం తిరిగేసరికి ఆ పొగడ్త మన జ్ఞాపకంలో కలిసిపోతుంది, ఇంకో ఏడాదికి మనం వాయించనిది కూడా వాయించామని చెప్పుకుంటాం. అది నిజమే. అతను చెప్పినవాటిలో నేను ఒప్పుకునేవి తక్కువ. ఇది ఒప్పుకుంటాను.

మాతో వచ్చే మృదంగం ఆయన ఈ ఆటలో చేరేవాడు కాదు. ఆయన లెక్కంతా భోజనాలది. పనసపొట్టు కూర వడ్డించిన ఒక పెళ్లి కచేరీ ఆయన జీవితంలో మొదటి స్థానంలో ఉంది. ఆ రోజు ఆయన తాళం రెండుసార్లు తప్పాడు.

ఇరవై రెండేళ్ల కిందట శ్రీకూర్మంలో కచేరీ జరిగింది. ఎండ వాలుతున్న వేళ. గుడి మండపంలో వినేవాళ్లు ముప్పైమంది కూడా లేరు. అక్కడికి సముద్రం కనపడదు గాని గాలి నిండా ఉంటుంది, తీగ మీద వేలు జారితే ఉప్పు తగులుతుంది. రాతి స్తంభాల మధ్యకి వెలుగు పసుపు కలిపిన నీళ్లలా వచ్చి నిలిచింది. కంచె అవతల గుడిలో పెంచే తాబేళ్లు ఆకులు తింటున్నాయి. ఎండుటాకు నలిగినంత చప్పుడు. ఎవరూ కదలకపోవడం వల్ల అది కూడా వినిపించేది.

బావ సహాన రాగం ఎత్తుకున్నాడు. రాగం పాడేటప్పుడు గాయకుడు ఒక ముక్క పాడి ఆగుతాడు, వయొలిన్ ఆ ముక్కని తిరిగి చెబుతుంది. ముప్పై ఏళ్లూ నేను చేసిన పని అదే, అతను అన్నది మళ్లీ అనడం. ఆ రోజు అతను మెల్లగా మెట్లెక్కినట్టు పైకి వెళ్లాడు. పై షడ్జం అందుకోబోయేచోట గొంతు పోయింది. దగ్గు రాలేదు, కీచుమనలేదు. దీపం కొండెక్కినట్టు పోయింది. అతను నోరు మూసుకున్నాడు, తరువాత కళ్లు మూసుకున్నాడు. తిరిగి చెప్పడానికి నా దగ్గర ముక్క లేదు.

నేను ఆగలేదు. అతను వదిలినచోట ఎత్తుకున్నాను. ఎంతసేపు వాయించానో తెలియదు. స్తంభం మీద వెలుగు నడుము దాకా ఉన్నది పాదాల దాకా దిగింది. చేతిలో కమాను ఉన్నట్టే అనిపించలేదు. ప్రతి మలుపు దగ్గరా అవతలి దారి ముందే తెరిచి ఉండేది, ఎవరో నాకు ముందు నడుస్తూ ఒక్కొక్క తలుపూ తీస్తున్నట్టు. అంత పెద్ద ఇల్లు ఆ రాగంలో ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆపాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అది కూడా నాకు నచ్చింది. ఆ తరువాత అతను గొంతు పెగుల్చుకుని రెండు చిన్న పాటలు పాడి మంగళం పాడేశాడు.

బస్సులో నేను తొంభై అయిదు వేసుకున్నాను. అంతకుముందు ఎప్పుడూ డెబ్బై దాటలేదు. అతనూ రాశాడు. పెన్సిలు కదలడం చూశాను గాని, బస్సు కుదుపులో అది ఒక అంకో రెండంకెలో తెలియలేదు. నా టిక్కెట్టు తీసుకుని చాలాసేపు చూశాడు. తనది మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"ఏటి బావా, నీదేదీ?" అన్నాను.

"ఈయేల సూపించను రా."

"అది మన కట్టుబాటు కాదు కదా."

"కట్టుబాటు పెట్టింది నేనే, తప్పిందీ నేనే. పడుకో. సీకాకుళం వస్తే లేపుతాను."

అతను లేపలేదు. కండక్టరు లేపాడు. కళ్లు తెరిచేసరికి బావ కింద నిలబడి ఉన్నాడు, నా వయొలిన్ పెట్టె అతని భుజానికి వేలాడుతోంది. అంతకుముందు గాని ఆ తరువాత గాని అతను నా పెట్టె మోయలేదు. దాన్ని ఎలా అర్థం చేసుకోవాలో ఇప్పటికీ తేల్చుకోలేదు. మర్యాద అనుకోవచ్చు, తప్పు దిద్దుకోవడం అనుకోవచ్చు. నాకు మాత్రం ఆ పెట్టె కాదు, ఆ టిక్కెట్టు కావాలి.

అతని గొంతు వారంలో బాగుపడింది. తరువాత ఎన్నో కచేరీలు చేశాం, టిక్కెట్లు చూపించుకున్నాం. శ్రీకూర్మం మాట ఎత్తితే మాత్రం కిటికీలోంచి పొలాలకేసి చూసేవాడు. ఒకసారి, "ఆ తాబేళ్లనడుగు, అవి నూరేళ్లు బతుకుతాయట, గుర్తుంటాది" అన్నాడు. నవ్వలేదు.

నిరుడు విజయనగరంలో అతనికి సన్మానం చేశారు. చిన్న పుస్తకం వేసి, అందులో అతని పది మేలైన కచేరీల పట్టిక అచ్చువేశారు. అతనే స్వయంగా ఎంచినవి. మొదటి స్థానం నరసన్నపేటది. ఆ రోజు మండపం బయట హైవే మీద లారీలు, లోపల జనరేటరు, నా మూడో తీగ దిగిపోయి ఉంది. నేను ముప్పై ఎనిమిది వేసుకున్నాను. శ్రీకూర్మం ఆ పదిలో లేనే లేదు. నేను మాత్రం పదింటిలో ఏడింట ఉన్నాను, 'తదితరులు' అనే మాట కింద. ఆ మాటతో నన్ను పిలవడం అదే మొదలు.

వేదిక మీద అతను టిక్కెట్లన్నీ బిస్కట్ల డబ్బాలో దాచానని, ఆ మార్కులు చూసే ఈ పది తేల్చానని చెప్పాడు. జనం నవ్వి చప్పట్లు కొట్టారు. నేను లోపల లెక్క వేసుకున్నాను. మార్కుల ప్రకారం ఎంచితే శ్రీకూర్మం రాలేదంటే, ఆ రోజు తన మార్కు తక్కువ. బహుశా సున్నా. అంటే ఆ సాయంత్రం అతనిది కాదు, పూర్తిగా నాది. పుస్తకంలో లేకపోవడమే సాక్ష్యం. ఇంటికి వచ్చే బస్సులో తదితరుల సంగతి కూడా మరిచిపోయి గాలిలో తేలిపోయాను.

ఇంకో నాలుగు నెలలకి శ్రీకూర్మం నుంచి ఒక విశ్రాంత టీచరుగారు ఫోన్ చేశారు. ఆ రోజు ముందు వరసలో టేప్ రికార్డరు పెట్టుకుని కూర్చున్నది ఆవిడే. ఇల్లు సర్దుతుంటే క్యాసెట్టు దొరికిందిట. ఫోన్లోకి ఎక్కించి పంపారు.

మధ్యాహ్నం మా ఊరి మిల్లు సైరన్ అయ్యాక పెట్టుకున్నాను. అటూ ఇటూ అలల హోరులాంటి గరగర. అందులోంచి మండపం మెల్లగా పైకి తేలింది. గాలి, ఎవరిదో గాజుల చప్పుడు, బావ గొంతు, అది ఆగినచోటు, తరువాత నా వయొలిన్. నేననుకున్నంతా ఉంది. కళ్లు మూసుకుంటే పసుపు వెలుగు మళ్లీ స్తంభాల మీద నిలిచింది. ఇరవై రెండేళ్లుగా మోసిన దానికన్నా రవ్వంత కూడా తక్కువ కాలేదు.

మా ఆవిడ గోంగూర గిల్లుతూ వింటోంది. ఆవిడ సంగీతం నేర్చుకోలేదు. చేతిలో కాడ అలాగే పట్టుకుని తలెత్తింది.

"అన్నయ్యగారు పాడతన్నారు కదేటి."

"గొంతు పోయిందని సెప్పినాను కదా. అది తంబూరా."

"తంబూరా ఊపిరి తీసుకుంటాదేటి?" అంది.

ఆ మాట తరువాత నేను ఆ రికార్డింగు ఎన్నిసార్లు విన్నానో చెప్పను. చెవుల్లో పెట్టుకుని విన్నాను, డాబా మీద విన్నాను, కునుకు పట్టేదాకా విన్నాను. ఉంది. వయొలిన్ కింద, నోరు మూసుకుని తీసే కూనిరాగం. కింది స్థాయిలో, తనకి తప్ప ఎవరికీ వినపడకూడదన్నంత మెత్తగా. జానెడు దూరంలో కూర్చున్న నాకు వినపడి ఉండాలి. విన్నట్టు నాకు తెలియదు. కొన్నిచోట్ల అది నా వయొలిన్ కన్నా రెప్పపాటు ముందు ఉంటుంది. కొన్నిచోట్ల రెప్పపాటు వెనక. ఒక మలుపు దగ్గర రెండూ కలిసే తిరుగుతాయి. అక్కడికి వచ్చినప్పుడల్లా వెనక్కి జరిపి మళ్లీ పెట్టుకుంటాను. తలుపులు తీస్తున్నది ఎవరో మాత్రం తెలియదు.

అప్పటినుంచి రాస్తున్న ఉత్తరాలు ఇవి, బావా. మొదటిదాంట్లో కోపంగా రాశాను, అది ఒప్పుకుంటాను. ఇప్పుడు విషయం చూడు. ఆ టిక్కెట్టు వెనక సున్నా ఉంటే, గొంతు పోయిన సిగ్గులో నువ్వు నా వెనక వచ్చావు. తొంభై ఉండి కూడా పుస్తకంలోకి రానివ్వలేదంటే, నువ్వు ముందు నడిచావు, నేను నా జీవితంలో అన్నింటికన్నా మంచి పని చేస్తూ కూడా నువ్వన్నది మళ్లీ అంటూనే ఉన్నాను. ఏదైనా తట్టుకుంటాను. ఏదీ తెలియకుండా ఉండడం నావల్ల కావడం లేదు. కమాను పట్టుకుంటే ముందు నీ కూనిరాగం వినిపిస్తోంది, నా చెయ్యి దానికోసం ఆగుతోంది.

నా తొంభై అయిదు నేను కొట్టివెయ్యను. కట్టుబాటు కట్టుబాటే. నువ్వు కూడా కొట్టివేసి ఉండవని నమ్ముతున్నాను. సంజాయిషీ అక్కర్లేదు, తదితరుల మాట దిద్దనక్కర్లేదు, మజ్జిగా వద్దు. బిస్కట్ల డబ్బా మూత తీసి ఆ ఒక్క టిక్కెట్టు వెనకవైపు ఫోటో తీసి పంపు. ఫోటో తీయడం రాకపోతే ఫోన్ చేసి అంకె చెప్పి పెట్టేయ్. నాకు అరవై ఆరు, నీకు అరవై తొమ్మిది. ఎంత వేసుకున్నావు?