బండి బొడ్డు మీద బొట్టు

మా ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా ఎక్కడ నొప్పో గట్టిగానే చెబుతారు. మా లారీ మాత్రం చెప్పేది కాదు. తాళం తిప్పితే లోపల ‘టక్’ అని ఒక్క చప్పుడు, ఆ తర్వాత ఏమీ ఉండదు. పది నిమిషాలాగి మళ్ళీ తిప్పితే ఏమీ ఎరగనట్టు లేచి కూర్చునేది. రోజూ అలాగే చేస్తే ఏదో ఒక దారి చూసుకునేవాళ్ళం. నాలుగు రోజులు బుద్ధిగా ఉండి, ఐదో రోజు సామానంతా ఎక్కించాక మొరాయించేది.

మాది నాంపల్లిలో టెంట్ హౌస్. షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు, స్టేజీ మీద పరిచే ఎర్ర తివాచీ కిరాయికి ఇస్తాం. వాటన్నిటినీ మోసేది ఈ లారీయే. పెళ్ళయిన మరుసటి ఏడు కొన్నాం. అప్పటికే అది ఇంకొకరి చేతిలో నలిగి వచ్చింది. లోడు వెళ్ళిన ప్రతిసారీ నేనూ ముందు సీట్లో కూర్చుని వెళ్తాను. గిన్నెలు దగ్గరుండి అప్పజెప్పడానికని అందరికీ చెబుతాను గానీ అసలు సంగతి వేరు. ఇంట్లో అత్తమ్మ, ఆడబిడ్డలు, పిల్లలు, దుకాణంలో గిరాకీలు. నేనూ మా ఆయనా పక్కపక్కన కూర్చుని, మధ్యలో ఎవరూ పిలవకుండా మాట్లాడుకునేది ఆ క్యాబిన్‌లోనే. మా కాపురంలో మంచి భాగమంతా ఆ సీట్లోనే జరిగింది.

ఆరు నెలల కిందట బండికి ఈ జబ్బు పట్టుకున్నాక ఆ సుఖం కూడా పోయింది. ఒకసారి చాలూ అయిందంటే ఇక మా ఆయన ఇంజను ఆపేవాడు కాదు. సామాను దించుతున్నా, చాయ్ తాగుతున్నా అది గుడగుడలాడుతూనే ఉండాలి. ఆ మోతలో నేనొకటి అంటే ఆయనకి ఇంకొకటి వినిపించేది. రెండుసార్లు అరిచి చెప్పి, మూడోసారి నోరు మూసుకునేదాన్ని. నన్నెరిగిన వాళ్ళకు నేను నోరు మూసుకోవడమంటే ఎంత కష్టమో తెలుసు.

మొదటి మెకానిక్ కొత్త బ్యాటరీ వేశాడు. వారం బాగానే నడిచి మళ్ళీ ‘టక్’ అంది. రెండో మెకానిక్ సెల్ఫ్ మోటారు విప్పి, కడిగి, బిగించాడు. మళ్ళీ అదే. “నీకు పని వస్తదా, రాదా?” అని అతన్ని నలుగురిలో దులిపేశాను. అతను తల గోక్కుని, “అన్నీ చూసిన అక్కా, నాకే సమజైతలేదు” అన్నాడు. చూసి ఉండడని నేను మనసులో ఖాయం చేసుకున్నాను.

నా వైద్యం నాకుంది. శుక్రవారం పొద్దున్నే బండిని బకెట్లతో కడిగి, చక్రాలకు, స్టీరింగుకు పసుపు రాసి బొట్లు పెడతాను. ఇవన్నీ అందరూ చేసేవే. నేను ఇంకో చోట కూడా పెడతాను. బండి కొన్న కొత్తలో మా ఆయన బ్యాటరీ నుంచి వచ్చే లావుపాటి నల్లవైరు చూపించి, “దీని పానం గిదే” అన్నాడు. ఆ వైరు చివర బండి కింది ఇనుప చట్రానికి, అంటే ఛాసిస్‌కి, బోల్టుతో బిగించి ఉంటుంది. నాకది బండి బొడ్డులా అనిపించింది. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం అక్కడ తడి పసుపు ముద్ద, దాని మీద కుంకుమ, పైన కొబ్బరినీళ్ళు. బండి శనివారాలే ఎక్కువగా మొండికేస్తోందని కనిపెట్టింది కూడా నేనే. శనిదోషం అనుకుని పసుపు ఇంకాస్త దట్టంగా పెట్టడం మొదలుపెట్టాను.

అలాంటి ఒక శనివారం గన్‌ఫౌండ్రీలో పదవీ విరమణ సభకు కుర్చీలు తీసుకెళ్తూ అబిడ్స్ సిగ్నల్ దగ్గర క్లచ్చు జారి ఇంజను ఆగిపోయింది. తాళం తిప్పితే ‘టక్’. వెనక బస్సు, పక్కన ఆటోలు, అందరి చేతులూ హారన్ల మీదే. మేము చేరేసరికి ఆ పెద్దమనిషి మెడలో దండతో నిలబడే ఉన్నాడు, ఆయన చుట్టూ ఆఫీసంతా నిలబడే ఉంది. మా ఆయన ఎవరి మొహమూ చూడకుండా కుర్చీలు దించాడు. ఇంటికొచ్చి ఒకే మాట అన్నాడు.

“ఇగ నాతోని కాదు. రేపు గాక వచ్చే ఐతారం ఖైరతాబాద్ లోడుంది. ఆ పొద్దు గిట్లనే ఆగిందంటే సోమవారం తుక్కు కింద కబాడీకి ఇచ్చేస్త. ట్రాలీ ఆటో కిరాయికి మాట్లాడుకుందాం.”

ట్రాలీ అంటే దానికో డ్రైవరు, పక్కన మా ఆయన. మూడో మనిషికి చోటుండదు. నేను ఇంట్లో కూర్చోవాలి. నాకు ఏడుపొచ్చింది, కానీ కోపంగానే కనిపించాను.

ఆ వారమంతా వాకబు చేశాను. అఫ్జల్‌గంజ్‌లో లారీల కరెంటు పని చేసి ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్న చాచా ఒకాయన మా వెనక గల్లీలోనే ఉన్నాడని తెలిసింది. శనివారం పొద్దున వెళ్ళి బతిమాలి తీసుకొచ్చాను. మెట్రో పిల్లరు పక్కన ఆపిన లారీ చుట్టూ ఆయన ఒకసారి తీరిగ్గా నడిచాడు. పానా తియ్యలేదు, బానెట్ ఎత్తలేదు. మా ఆయన్ని తాళం తిప్పమన్నాడు. ‘టక్’ అంది. బండి ఆయన ముందు కూడా మొరాయించినందుకు నాకు సంతోషమేసింది.

“ఎప్పుడెప్పుడు ఇట్ల జేస్తది?” అని చాచా అడిగాడు.

“దానికి ఓ లెక్క లేదు చాచా” అన్నాడు మా ఆయన.

“ఉంది” అన్నాను నేను. “శనివారం ఎక్కువ.”

చాచా నా వైపు తిరిగాడు. “శుక్రవారం ఏం జేస్తరమ్మా?”

“కడిగి పూజ జేస్త.”

ఆయన తన సంచీలోంచి లావుపాటి వైరు తీసి, ఒక కొస బ్యాటరీ మీద, రెండో కొస ఇంజను ఇనుము మీద పట్టుకుని, “ఇప్పుడు తిప్పు బేటా” అన్నాడు. బండి ఒక్క పట్టున లేచింది. ఆపించి, వైరు తీసి మళ్ళీ తిప్పమన్నాడు. ‘టక్’. వైరు పెడితే లేచింది.

“బ్యాటరీ మంచిగుంది, సెల్ఫ్ మంచిగుంది. కరెంటు పోతున్నది గని వాపస్ వచ్చే తోవ బంద్ అయింది” అంటూ ఆయన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఫోను లైటు వేయమన్నాడు. నేనే వేశాను. వెలుతురు సరిగ్గా నా పసుపు ముద్ద మీద పడింది.

“ఆ తోవ గీడనే ఉండాలె. ఫికర్ జెయ్యకుండ్రి. గని జర ఇజాజత్ ఇస్తేనే చెయ్యి పెడత. దేవునికి పెట్టిన జాగ. మీరే తియ్యుండ్రి ముందుగాల.”

ఆ మెకానిక్‌లిద్దరూ అన్నీ విప్పి ఇదొక్కటీ ఎందుకు వదిలేశారో అప్పుడర్థమైంది. నేను నలుగురిలో కడిగేసిన ఆ రెండో మెకానిక్‌కి అక్కడే ఫోన్ చేసి అడిగితే, “పసుపు కుంకుమ ఉంటే ఎట్ల ముడతం అక్కా” అన్నాడు మామూలుగా. తప్పు నాదేనన్నాను. అతను నవ్వి, పెళ్ళిళ్ళ సీజన్ అయ్యాక చాయ్‌కి వస్తానన్నాడు.

ఇంట్లోకి పరుగెత్తి, పూజ సామాన్లు తోమే చింతపండు, పాత బ్రష్షు తెచ్చాను. చింతపండు చూసి చాచా నవ్వాడు గానీ వద్దనలేదు. ఎన్నేళ్ళ శుక్రవారాలో పెళ్ళలు పెళ్ళలుగా ఊడి వచ్చాయి. కొబ్బరినీళ్ళు ఇంకి అడుగున పచ్చటి చిలుము, తుప్పు. బోల్టు విప్పితే వైరు చివరను తుప్పు సగం తినేసి ఉంది. చాచా దాన్ని కోసి, కొత్త కొస తొడిగి, ఇనుము మెరిసేదాకా సాండ్‌పేపరు పట్టి బిగించాడు. పైన వేలితో గ్రీజు రాసి, ఆ డబ్బీ నా చేతిలో పెట్టాడు.

“శుక్రవారం తక్కిన జాగల మీ పూజ మీరు జేసుకోండ్రి. గీడ మాత్రం గిది పెట్టుండ్రి.”

మా ఆయన స్టీరింగు మీద తల పెట్టి భుజాలు ఎగిరేలా నవ్వుతున్నాడు. “అంటే ఇన్నొద్దులు బండిని ఆపింది శని గాదు, నువ్వేనన్నమాట.” నాకు ఒళ్ళు మండింది. అరనిమిషం కూడా నిలవలేదు, నేనూ నవ్వేశాను.

ఆదివారం లోడు ఖైరతాబాద్ చేరింది, గిన్నెలు అప్పజెప్పాం. అలవాటుకొద్దీ ఇంజను గుడగుడలాడుతూనే ఉంది. తిరుగు దారిలో అబిడ్స్ ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు పరిచి ఉన్నాయి, జనం వంగి వంగి చూస్తున్నారు. మా ఆయన నాంపల్లి వైపు తిప్పకుండా మొజంజాహీ మార్కెట్ దాకా పోనిచ్చి, ఐస్‌క్రీమ్ దుకాణాల ఎదురుగా ఒక పక్కకు ఆపాడు. చెయ్యి చాచి తాళం వెనక్కి తిప్పాడు. ఇంజను ఆగిపోయింది.

“ఎందుకు బంద్ జేసినవ్?” అన్నాను కంగారుగా.

“మళ్ల చాలూ అయితది గద.”

దిగి వెళ్ళి రెండు సీతాఫలం ఐస్‌క్రీములు తెచ్చి, ఒకటి నాకిచ్చి, కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. క్యాబిన్‌లో చప్పుడే లేదు. అద్దంలోంచి ఎండ నా ఒళ్ళో పడుతోంది.

“ఇగ చెప్పు” అన్నాడు.

ఆరు నెలల మాటలున్నాయి. ఐస్‌క్రీమ్ పక్కన పెట్టి మొదలుపెట్టాను.