కల్లు తాగిన సున్నం

ఆ రోజుల్లో మా వైపు దారి పక్కన స్టీలు టిఫిన్ డబ్బా కనిపిస్తే ఎవరూ దాని దగ్గరికి పోయేవారు కాదు. నక్సలైట్లు అందులో పేలుడు మందు పెట్టి పేలుస్తారని పోలీసులకు భయం, పెట్టిందెవరో తేలేదాకా ఊరిమీద పడతారని మాకు భయం. కూలికి పోయే ఆడవాళ్ళు కూడా అన్నం గుడ్డలో మూట కట్టుకునే పోయేవారు. ఈ సంగతి నాకు తెలియదా అంటే బాగా తెలుసు. తెలిసి కూడా ఒక టిఫిన్ డబ్బా నిండా కాల్చిన సున్నపురాళ్ళు నింపుకుని కోరుట్లలో జగిత్యాల బస్సెక్కానంటే, అప్పటి నా వయసు అట్లాంటిది. తెలివి కూడా అట్లాంటిదే.

కోరుట్లలో ఒక చిన్న ప్రైవేటు బడిలో సైన్సు టీచరుగా చేరి అప్పటికి ఏడాది కూడా కాలేదు. మాది సిరిసిల్ల. బాపు మగ్గం నేసేవాడు, అవ్వా నేనూ ఆయనకు కండెలు చుట్టేవాళ్ళం (మగ్గం మీద ఆడే నూలు చుట్టలన్నమాట). ఆడపిల్లను ఊరుగాని ఊరికి పంపుతావా అని వాడంతా అన్నా వినకుండా బాపు నన్ను పంపించాడు గాని, బస్టాండులో ఒక షరతు పెట్టాడు. "మంచిగ చేసుకుంటె చేసుకో బిడ్డా. గని పోలీసోళ్లు నీ పేరు తీసిండ్రని నా చెవుల వడ్డదనుకో, ఆ దినమే అచ్చి కండెలు వట్టాలె." కోపంతో అన్నమాట కాదది. మా వయసు పిల్లల పేరు పోలీసుల నోట పడితే ఏమవుతుందో అప్పుడు ప్రతి ఇంటికీ తెలుసు.

జగిత్యాలలో సైన్సు ప్రదర్శన పెట్టారు. రసాయన చర్యల్లో శక్తి మార్పులు చూపిస్తానని, పొయ్యి లేకుండా సున్నంతో కోడిగుడ్డు ఉడకబెడతానని మా హెడ్మాస్టరుకు గొప్పగా మాటిచ్చాను. "పాత బంధాలు తెంచడానికి శక్తి ఖర్చవుతుంది, కొత్త బంధాలు ఏర్పడితే శక్తి బయటికి వస్తుంది, వచ్చింది ఎక్కువైతే వేడి పుడుతుంది" అని పిల్లలకు బల్లగుద్ది చెప్పేదాన్ని. చెప్పడమే గాని నేను కంటితో చూసింది లేదు (మా కాలేజీలో ల్యాబు ఉండేది, మాకు దాని తాళం మాత్రమే చూపించారు). సున్నానికి తడి తగలొద్దని పుస్తకంలో ఉంది కాబట్టి స్టీలు డబ్బాలో పోసి, పట్టనిది కాగితంలో కట్టి, గుడ్లు చేతిరుమాలులో చుట్టుకుని బయల్దేరాను. డబ్బా మూతకు సొట్ట ఉన్న సంగతి పట్టించుకోలేదు.

దారిలో ఒక తాత కల్లు లొట్టితో ఎక్కాడు. "ఏమనుకోకు బిడ్డా, అల్లునికి తీస్కపోతున్న, జర నీ సీటు కింద పెడ్త" అని ఆ కుండను నా డబ్బా పక్కనే పెట్టాడు. బస్సు కుదుపులకు కల్లు నురగలు కట్టి, మూతికి కుక్కిన ఆకులను తోసేసి, సొట్ట మూత సందులోంచి సున్నంలోకి దిగింది. కల్లులో చాలా భాగం నీళ్ళే కదా! ముందు బుస్సుమంది. తర్వాత నా కాళ్ళకు వేడి తగిలింది. ఆ తర్వాత మూత ఠప్పున ఎగిరి తెల్లటి ఆవిరి లేచింది. "టిఫిన్ డబ్బ! బాంబురో!" అని ఎవరో కేక పెట్టారు. డ్రైవరు బ్రేకు వేసి అందరికంటే ముందు తానే దూకాడు. తాత అల్లుణ్ణీ లొట్టినీ మరిచి కిటికీలోంచి దిగాడు.

దిగనిది నేనొక్కదాన్నే. ధైర్యం కాదు, కాళ్ళు రాలేదు. డబ్బాలో రాళ్ళు పగులుతున్నాయి, ఉబ్బుతున్నాయి, కుతకుతా ఉడుకుతున్నాయి. నిప్పు లేదు, అగ్గిపుల్ల లేదు! "అయ్యో, పుస్తకంల ఉన్నది నిజమేనా!" అని పైకే అన్నాను. ఇన్నాళ్ళూ చెప్పిందాన్ని నేనే నమ్మలేదని అప్పుడు తెలిసింది.

ముందు మలుపులో తనిఖీ చేస్తున్న పోలీసులు ఉరికొచ్చారు. లొట్టి తనదని తాత చెప్పగానే ఒక జవాను ఆయన మెడపట్టాడు. నేను చేయెత్తుకుని దిగాను.

"డబ్బ నాది సార్! అది బాంబు కాదు, ఉష్ణమోచక చర్య!"

ఎస్సై నన్ను కిందనుంచి మీదికి చూశాడు. "ఎవలు నేర్పిండ్రు నీకిది?"

"పదో తరగతి పుస్తకంల ఉన్నది సార్."

"ఇంకెంతమందికి నేర్పినవ్?"

"మా క్లాసుల పిల్లలందరికి సార్."

జవాన్లు రెండడుగులు వెనక్కి వేశారు. చివరికి, కాగితంలో మిగిలిన సున్నంతో అక్కడే చేసి చూపించమన్నారు. తాత లొట్టిలో మిగిలిన కల్లు పారబోసి, ఆ సున్నాన్ని అందులో పోసి, గుడ్డు కుక్కి, పోలీసుల నీళ్ళే పోశాను. ఆవిరి లేస్తున్నకొద్దీ ఎస్సై ఒక్కో అడుగు దగ్గరికి వచ్చి, ఆఖరుకు గొంతుక్కూర్చుని "ఉడికిందా?" అని అడిగాడు. పెంకు తీస్తే తెల్లసొన గట్టిపడింది. ఆయన తాతను వదిలేయమన్నాడు గాని, నా పేరు, ఊరు, బాపు పేరు రాసుకున్నాడు. బస్టాండులో బాపు పెట్టిన షరతు గుర్తొచ్చింది.

వార్త సిరిసిల్లకు చేరేసరికి నేను బస్సు పేల్చినట్టయింది. తెల్లారి బాపు వచ్చేసరికి సంచి సర్దుకుని కూర్చున్నాను. ఆయన సంచిని చూసి, నన్ను చూసి, గడప మీద కూలబడ్డాడు.

"పొయ్యి లేంది గంత ఉడుకు ఎక్కడికెల్లి అచ్చింది బిడ్డా?"

బట్టీలో కాల్చినప్పుడు రాయి వేడిని తీసుకుని విడిపోతుందని, నీళ్ళతో కలిసి కొత్త బంధాలు కట్టుకునేటప్పుడు వేడిని బయటికి ఇస్తుందని చెప్పాను. వెక్కుతూ చెప్పినా మొత్తం చెప్పాను. బాపు నోరు తెరిచి విన్నాడు.

"ఎస్సై నీ పేరు రాసుకున్నడట?"

"రాసుకున్నడు బాపూ."

"ఏమని రాసిండు?"

"సైన్సు పంతులమ్మ అని."

బాపు గడప మీంచి లేచాడు. తర్వాత నా సంచిని కాలితో మూలకు నెట్టి, "పో, బడికి టైమైతాంది" అన్నాడు.

ఉద్యోగం విరమించేదాకా ఆ పాఠం చెబుతూనే ఉన్నాను, తడబడకుండా, ఆశ్చర్యపోకుండా. ఇప్పుడు తలుచుకుంటే, అందరూ దూకేసిన బస్సులో పొగలు కక్కే డబ్బా ముందు నోరు తెరుచుకుని నిలబడ్డ ఆ పిల్లను రెక్కపట్టి కిందికి లాగాలనిపిస్తుంది. ఆ వెంటనే, పోనీలే, ఇంకాసేపు చూడనీ అనిపిస్తుంది.