కొండ మీది హీటర్లు, మా బావ

ఈ ఉదయం ఒమాన్‌లో, రుసైల్‌లోని మా రూమ్‌లో ఏసీ నీళ్లు గోడ వెంట కారి పక్కమంచం ఆయన పరుపు తడిసేసరికి, పైపుల సంగతి తెలిసినవాణ్ణని అందరూ నన్నే లేపారు. విప్పి, మురికి తీసి, మళ్లీ బిగించడం పది నిమిషాల పని. ఆ తర్వాత మాత్రం కాలు నిలవడం లేదు; శుక్రవారం సెలవు పూట కూడా టీ గ్లాసు పట్టుకుని వరండాలో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను.

బహ్లా దాటి కొండ ఎక్కాక ఒక హోటల్‌కు గ్యాస్ హీటర్లు పెట్టిన మేస్త్రీని నేనేనని, నా కింద పన్నెండు మంది పనిచేశారని ఇన్నేళ్లుగా రూమ్‌లో చెబుతూ వస్తున్నాను. ఇది చదివే మీరు నా వయసువాళ్లు గనుక మీ దగ్గర దాచను. మేస్త్రీ మా బావ, అంటే అక్క భర్త. ఆ పన్నెండు మందిలో నేనొకణ్ణి. గ్యాస్ పైపులను ఆయన ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు; ప్రతి అతుకుకూ సబ్బు నురగ రాసి, బుడగ లేస్తుందేమోనని మోకాళ్ల మీద కూర్చుని చూసేవాడు. నాకు అప్పగించింది నీళ్ల పైపు. ఆ హీటర్లు మండేటప్పుడు లోపలి ఆవిరి చల్లారి నీరవుతుంది, అది బయటికి పోవాలి. గది లోపలి నుంచే మోరీలోకి దింపమని డ్రాయింగ్‌లో ఉంది గానీ, అందుకు నేల పగలగొట్టాలి. బద్ధకించి, నాలుగేళ్లుగా ఏసీలకు చేస్తున్నట్టే గోడకు బెజ్జం వేసి పైపు మూతిని బయటికి వదిలేశాను. ఒమాన్‌లో నీళ్లు బయట పడితే ఆరిపోతాయి గానీ ఇంకేమవుతాయి?

గడ్డకడతాయి. కరీంనగర్ వాడికి ఐసు సోడా బండి మీద చూసిందే. హోటల్ అప్పగించే రోజు పొద్దున పైపు మూతికి నా చేయంత మంచు వేలాడుతోంది, సరే, వేలంత. నీళ్లు వెనక్కి తన్ని హీటర్లన్నీ ఆరిపోయాయి. హాల్లో అర్బాబ్, అంటే హోటల్ యజమాని, ఆయన పిలిచిన పెద్దమనుషులు వణుకుతూ కూర్చున్నారు.

"కిస్‌నే లగాయా?" ఎవడు పెట్టాడిది అని ఇంజనీరు అరిచాడు. పెట్టినవాడి వీసా ఇవాళే క్యాన్సిల్ చేసి ఇంటికి పంపుతానన్నాడు.

నేను వెంటనే ముందుకొచ్చి ఒప్పుకున్నాను... అని రాయాలని ఎంతో ఉంది. రాలేదు. మంచు కరిగించడానికి తెచ్చిన వేడినీళ్ల మగ్గు పట్టుకుని అలాగే నిలబడ్డాను. బావ ఒక్కసారి నా ముఖంలోకి చూసి, "మైనే లగాయా, సాబ్" అన్నాడు.

ఆయన సామాను సర్దుకుంటుంటే నాకు ఏడుపొచ్చింది.

"ఏడ్వకురా బామ్మర్దీ, గీ చలికి ముక్కు గడ్డకడ్తది. నేను పోయినంక గ్యాస్ పైపులు సబ్బు పెట్టి సూడు. నీ తొందర నాకు తెల్వదా?"

చలికి తట్టుకోలేకనే వచ్చేశానని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటాడు; ఒమాన్‌లో చలేందని వినేవాళ్లు నవ్వుతారట. అక్కకూ అసలు సంగతి తెలియదు. సెలవుకు పోయిన ప్రతిసారీ చెప్పేద్దామని వాళ్లింటికి వెళ్తాను, ఆమె అన్నం పెట్టగానే మాట మింగేసి లేస్తాను.

ఇప్పుడు సైట్‌లో పైపు బిగించగానే ఫోన్‌తో ఫొటో తీసి, బిగించినవాడి పేరు పెట్టి కంపెనీకి పంపాలి. మంచి పద్ధతే, ఎవరి పని వాళ్ల పేరు మీదే ఉంటుంది. ఒకరి తప్పు ఇంకొకరు నెత్తిన వేసుకుందామన్నా వీలు లేదు. మా బావలాంటి మనిషి ఇప్పుడు ఏ సైట్‌లో ఉన్నా, నాలాంటివాడికి దొరకడు.